ఒక ఆడమనిషి బతుకును గొలుసు కథలుగా రాయడం ఎలా

అమ్మ గురించో, అవ్వ గురించో, ఊళ్లో చిన్నప్పటి నుంచి చూస్తున్న ఒక ఆడమనిషి గురించో రాయాలని చాలామందికి ఉంటుంది. నవలగా మొదలుపెడతారు. పుట్టింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు, కరువొచ్చింది, మొగుడు పోయాడు అని వరసగా రాసుకుంటూ పోతారు. యాభై పేజీలయ్యాక చూసుకుంటే జరిగిన సంగతులన్నీ ఉంటాయి, మనిషి మాత్రం కనపడదు. ఇలాంటి బతుకుకు గొలుసు కథలు బాగా కుదురుతాయి. ఏ కథకా కథ విడిగా నిలబడాలి, అన్నీ చదివినవాళ్లకు ఒక మనిషి నిండుగా తెలియాలి.

నేను నమ్మే పద్ధతి ఒక్కటే. ఒక్కో కథకు ఒక్కో బంధం తీసుకోండి. ఆ బంధం మారిపోయిన రోజును రాయండి. మిగతా ఏళ్లను కథకూ కథకూ మధ్య వదిలేయండి. కింద చెప్పేవన్నీ ఈ పని ఎలా చేయాలన్న వివరాలే. ఉదాహరణలు అనంతపురం జిల్లావి. కర్నూలు, కడప వాళ్లు ఊళ్లు, పంటలు, పండుగలు మార్చుకుని వాడుకోవచ్చు.

మొదటి పని: పేరు, ఊరు, పుట్టిన ఏడు

ఈ మూడూ తేలకుండా ఒక్క వాక్యం కూడా రాయొద్దు.

పేరు ఆ నేలదై ఉండాలి. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి ఉన్నాడు. మొహర్రానికి అక్కడ పీర్లు లేస్తాయి, అగ్నిగుండం తొక్కుతారు, హిందువులూ ముస్లింలూ కలిసే మొక్కులు తీర్చుకుంటారు. ఆ స్వామికి మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు కుళ్లాయప్ప అనో కుళ్లాయమ్మ అనో పేరు పెట్టుకోవడం ఈ జిల్లాలో మామూలే. అందుకని మన మనిషికి కుళ్లాయమ్మ అని పెడదాం. పేరు వినగానే ఆమె తల్లి బిడ్డ కోసం ఎదురుచూసిందని, గూగూడు స్వామిని నమ్మే ఇంటి మనిషని పాఠకుడికి తెలిసిపోతుంది. ఏ సంధ్యో మాధురో అని పెట్టి ఉంటే ఇదంతా చెప్పడానికి ఒక పేజీ పట్టేది.

పుట్టింది 1962లో. పుట్టినూరు తాడిపత్రి వైపు, మెట్టినూరు నార్పల వైపు. పల్లె పేరు మీరే కల్పించండి, మండలం మాత్రం నిజమైనదే పెట్టండి. మండలం నిజమైతే వానలు, బస్సులు, సంత, పంట అన్నీ సరిచూసుకోవచ్చు. పల్లె కల్పితమైతే ఇది ఫలానా ఇంటి సంగతేనని ఎవరూ వేలెత్తి చూపలేరు.

రెండో పని: ఎవరు ఏమని పిలుస్తారో రాసుకోవడం

కాగితం మధ్యలో కుళ్లాయమ్మ అని రాయండి. చుట్టూ ఆమెతో సంబంధం ఉన్న వాళ్లందరి పేర్లూ రాయండి. ఒక్కో పేరు పక్కన రెండు పిలుపులు ఉండాలి. వాళ్లు ఆమెను ఏమని పిలుస్తారు, ఆమె వాళ్లను ఏమని పిలుస్తుంది. కోడలు, మరదలు అని బంధుత్వం రాసి వదిలేయొద్దు. వాకిట్లో నిలబడి నోరారా పిలిచే మాట కావాలి.

మేనరికం ఉన్న ఇల్లయితే ఈ కాగితం మీదే కథలు మొలుస్తాయి. సీమలో అక్క కూతుర్ని చేసుకోవడం తరతరాలుగా ఉంది. కుళ్లాయమ్మకు పదిహేడో ఏట, 1979లో, తల్లి తమ్ముడితో పెళ్లి చేశారనుకుందాం. నిన్నటిదాకా భుజమ్మీద ఎక్కించుకుని జాతర చూపించిన మామే ఇప్పుడు మొగుడు. ఆమె నోట ‘మామా’ అన్న పిలుపు మాత్రం మారలేదు. అమ్మమ్మ అత్త అయింది. ఆమెనూ ఎప్పటిలాగే ‘అవ్వా’ అనే పిలుస్తుంది, కానీ సెలవులకు వస్తే వెన్న దాచిపెట్టిన అవ్వే ఇప్పుడు కోడి కూయకముందు లేపి కసువు ఊడ్వమంటోంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. కన్నతల్లి మొగుడికి అక్క, అంటే కుళ్లాయమ్మకు ఆడబిడ్డ. ఒక రాత్రి మామ చేయి చేసుకున్నాడు. తెల్లారగానే ఆమె బస్సెక్కి తాడిపత్రి వైపు పుట్టింటికి పోయింది. తలుపు తీసింది అమ్మే. ఆ అమ్మ బిడ్డ తరఫున మాట్లాడితే తమ్ముడు దూరమవుతాడు, తన పుట్టింటి గడప మూసుకుపోతుంది. తమ్ముడి తరఫున మాట్లాడితే కళ్ల ముందున్న బిడ్డకు దిక్కులేదు. బయటి సంబంధం చేసుకున్న ఆడపిల్లకు పుట్టిల్లు వేరు, అత్తిల్లు వేరు. కుళ్లాయమ్మకు రెండూ ఒకటే. ఇది మీకు దొరికే బలమైన కథల్లో ఒకటి. దీన్ని తల్లి వైపు నుంచి రాయండి. తలుపు తీసినప్పటి నుంచి బిడ్డను మళ్లీ బస్సెక్కించేదాకా ఒక్క పగలు చాలు. తల్లి ఏమీ తేల్చి చెప్పకపోవచ్చు. సంగటి కెలుకుతూ, పప్పు ఎనుపుతూ, ‘తిను మే, చల్లారిపోతాది’ అనడం తప్ప మాట్లాడకపోవచ్చు. అదే ఆ కథ.

చుట్టాలతోనే ఆగిపోవద్దు. చాలామంది కథకులు ఆడవాళ్ల స్నేహాన్ని మరిచిపోతారు. పక్కింటి ఫాతిమాబీ, కుళ్లాయమ్మ ముప్పయ్యేళ్లుగా ఒకరినొకరు ‘వదినా’ అని పిలుచుకుంటున్నారు. రక్తసంబంధం లేదు, మతం వేరు. ఒకరింట్లో పిండి అయిపోతే ఇంకొకరింటి నుంచి వస్తుంది. ఈ బంధానికి కనీసం రెండు కథలు ఇవ్వండి. యారాలికి, అంటే తోడికోడలికి, ఒకటి ఇవ్వండి. బయటి సంబంధంగా వచ్చిన యారాలు, మేనరికపు కోడలు ఒకే పొయ్యి దగ్గర ఎలా వేగారు, చివరికి వేరు పడిన రోజు ఇత్తడి సామాను ఎలా పంచుకున్నారు అన్నది చాలు. చెల్లెలికి ఒకటి, కొడుకుకు ఒకటి, మనమరాలికి ఒకటి. మొగుడితో ఉన్నవి ఎన్ని కథలు కావాలో రాస్తూ ఉంటే మీకే తెలుస్తుంది. మొత్తం ఎనిమిది నుంచి పన్నెండు మధ్య ఉంటే పుస్తకం చేతిలో నిలుస్తుంది.

మూడో పని: ఏళ్ల పట్టిక

రెండు గళ్ల పట్టిక వేయండి. ఎడమ గడిలో ఏడు, ఆమె వయసు. కుడి గడిలో ఆ ఏడు రాష్ట్రంలో, జిల్లాలో ఏం జరిగింది. చరిత్ర పాఠం చెప్పడానికి కాదు ఇది. చట్టమో, కరువో, ప్రభుత్వ పథకమో ఇంట్లో ఇద్దరి మధ్య బంధాన్ని ఎప్పుడు మార్చిందో పట్టుకోవడానికి.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు ఆమెకు 21 ఏళ్లు. జొన్న రొట్టె, రాగి సంగటి, కొర్రన్నం తినే ఇంట్లోకి వరి బువ్వ రోజూ తినే తిండిగా వచ్చింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు. ఆమెకు 31 నుంచి 35 ఏళ్లు. తాగే మొగుడున్న ఇంట్లో ఈ నాలుగేళ్లే ఒక కథ. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఆమెకు 54 ఏళ్లు. ఇంట్లో ఎవరికీ తెలియకుండా డబ్బాల్లో, పాత చీరల మడతల్లో దాచుకున్న 500 నోట్లు ఆమె తానుగా బయటపెట్టక తప్పలేదు. కొడుకు ముందు ఆ నోట్లు పెట్టిన సాయంత్రం రాయండి.

వీటన్నిటిలో ఆస్తి చట్టం దగ్గర కాస్త ఆగాలి. మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టానికి 1986లో సవరణ వచ్చింది, అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చారు. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకు ఇవ్వలేదు. ఇప్పుడు కుళ్లాయమ్మ ఇంటికి రండి. ఆమె పెళ్లి 1979లో, చెల్లెలి పెళ్లి 1987లో. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో చిన్నదానికి భాగం ఉంది, పెద్దదానికి లేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ పెళ్లయిన కూతుళ్లకూ హక్కు ఇచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా పంపకాలు అయిపోయిన ఆస్తులను మాత్రం అది ముట్టుకోలేదు. అక్కచెల్లెళ్ల మధ్య ఇరవై ఏళ్ల మౌనానికి ఇంతకంటే పెద్ద కారణం కల్పించాల్సిన పని లేదు. ఈ తేదీలను మాత్రం కథలో ఎక్కడా చెప్పొద్దు, అవి మీ పట్టికలోనే ఉండాలి.

2006 ఫిబ్రవరి 2 ఇంకొక తేదీ. జాతీయ ఉపాధి హామీ పథకాన్ని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ ఏడు మొహర్రం కూడా ఫిబ్రవరిలోనే పడింది, అదే మండలంలోని గూగూడులో పీర్ల పండుగ. ఒక పక్క పోలీసులు, కార్లు, ఢిల్లీ పెద్దలు, ఇంకో పక్క మొక్కు తీర్చడానికి వచ్చే బంధువులు. 44 ఏళ్ల కుళ్లాయమ్మ ఈ రెండింటి మధ్యా ఉంది. జనం ‘కరువు పని’ అని పిలుచుకునే ఆ పనిలో మస్టరులో, అంటే కూలీల హాజరు పట్టీలో, ఆమె పేరు ఎక్కింది, మొగాడికి ఎంత రేటో ఆమెకూ అంతే. మొగుడికీ ఆమెకూ మధ్య ఆ కూలి ఏం మార్చిందన్నదే ఇక్కడ కథ. ప్రధానమంత్రి దూరంగా దుమ్ము లేపుకుంటూ పోయే కారుగా కనబడితే చాలు.

2020 మార్చి 25 ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. బెంగుళూరులో కొడుకు, ఇక్కడ ఓళిగలకు పప్పు నానబోసిన 58 ఏళ్ల తల్లి. ముందు రాత్రి ఫోనుతో మొదలుపెట్టి పండుగ మధ్యాహ్నంతో ఆపేయండి. వలస జనం నడక గురించి ఈ కథలో వ్యాసం రాయొద్దు.

పట్టికకు ఇంకో ఉపయోగం ఉంది, తప్పులు పట్టిస్తుంది. మండలాలు వచ్చింది 1985లో. 1979 పెళ్లి కథలో ఎవరైనా ‘మండలాఫీసుకు పోయొస్తా’ అంటే తప్పు, అప్పుడున్నది తాలూకా. ధర్మవరం, కదిరి, హిందూపురం, పెనుకొండ 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. అంతకుముందు కథల్లో అవి అనంతపురం జిల్లావే. మొహర్రం చాంద్రమాన పండుగ కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. 1979లో నవంబరు చివర వచ్చిన పండుగను, శెనక్కాయ పీకుళ్ల కాలమని, ప్రతి కథలోనూ అదే కాలంలో పెడితే పండుగ తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు.

నాలుగో పని: రోజు ఎంచుకోవడం, ఏళ్లు వదిలేయడం

ఒక్కో బంధానికి ఒక రోజో, రెండు రోజులో చాలు. ఆ రోజుకు ముందు ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారో, తర్వాత ఏమవుతారో రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. రెండు వాక్యాలూ ఒకేలా ఉంటే ఆ రోజులో కథ లేదు, ఇంకో రోజు వెతకండి.

పెళ్లి రోజు, పురుడు రోజు, చావు రోజు వైపు చేయి దానంతటదే పోతుంది. ఆపండి. పెద్ద రోజుల్లో జనం ఎక్కువ, మాటలు అరిగిపోయినవి, ఎవరు ఏం చేయాలో ముందే తేలిపోయి ఉంటుంది. పెళ్లైన నాలుగో నెలలో ఒక మంగళవారం ఎక్కువ చెబుతుంది. మొగుడు పోయిన రోజును వదిలేసి, పెన్షను కాగితాల కోసం ఆమె మొదటిసారి ఒంటరిగా అనంతపురం బస్సెక్కి, టవర్ క్లాక్ దగ్గర దిగి, ఎవర్ని దారి అడగాలో తెలియక నిలబడిన ఉదయం రాయండి. ఆయన ఎలా పోయాడన్నది ఇంకో కథలో, ఇంకెవరో మాటల మధ్య అనేస్తారు. పాఠకుడు ఆ ఒక్క మాట పట్టుకుని మిగతాది కట్టుకుంటాడు. గొలుసు కథల్లో రచయితకు దొరికే గొప్ప వెసులుబాటు ఇదే, అందుకని ఖాళీలు పూడ్చడానికి మధ్యలో వంతెన కథలు రాయొద్దు. ‘అలా పదేళ్లు గడిచిపోయాయి’ అన్న వాక్యం మీ చేతిరాతలో ఎక్కడ కనబడినా కొట్టేయండి.

ఐదో పని: ఎవరి నోట చెప్పాలి

అన్ని కథలూ కుళ్లాయమ్మ లోపలి నుంచే చెబితే పదో కథకు ఆమె గొంతు విసుగొస్తుంది. అన్నీ బయటి నుంచే చెబితే ఆమె ఎప్పటికీ అందదు. సగం సగం అని లెక్కలేమీ వద్దు. ఒక్కో బంధంలో ఎవరికి ఎక్కువ తెలియదో, ఎవరు ఎక్కువ పోగొట్టుకుంటారో వాళ్ల వైపు నుంచి చెప్పండి. తల్లి కథ తల్లి వైపు నుంచి. వేరు పడిన కథ యారాలి వైపు నుంచి, ఎందుకంటే మనం అప్పటిదాకా కుళ్లాయమ్మను మంచిదని నమ్మి ఉంటాం. యారాలి కళ్లకు ఆమె అవ్వ అండ చూసుకుని పెత్తనం చేసిన మనిషి. ఆ మాట కూడా నిజమే. ఒక కథలో ఆమెను మనకు నచ్చకుండా చూపించే ధైర్యం ఉండాలి. కష్టాలు పడ్డ ఆడమనిషిని దేవతను చేస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే, ఎందుకంటే దేవతకు కోపం, స్వార్థం, ఆశ, అసూయ ఏవీ మిగలవు.

ఒక కథలో ఆమె అర పేజీ కంటే ఎక్కువ కనబడకూడదు. మండీలో కాటా వేసే కుర్రాడి కథలో వచ్చి, తరుగు ఎందుకు తీస్తున్నావని గట్టిగా అడిగి వెళ్లిపోయే ముసలామె ఆమె. పాఠకుడు పేరు లేకుండానే గుర్తుపట్టాలి.

ఆరో పని: చేతులు చూడడం

బంధాలన్నీ పని మధ్యలో నడుస్తాయి. కూర్చుని మాట్లాడుకునే తీరిక ఈ మనుషులకు లేదు. అందుకని ప్రతి కథకూ ఒక పని పెట్టుకోండి, దాన్ని దగ్గర నుంచి చూసి రాయండి.

శెనక్కాయ విత్తనమే తీసుకోండి. జూన్, జూలైలో వాన పడితే గొర్రు కడతారు. అంతకు ముందు ఎండాకాలంలో విత్తనానికి కాయలు ఒలవాలి. మిషనులో వేస్తే పప్పు పగులుతుంది, పైపొర లేస్తుంది, మొలక సరిగా రాదు. అందుకని చేత్తోనే ఒలుస్తారు. కాయల మీద నీళ్లు చల్లి మెత్తబరుస్తారు. ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుంటారు. బొటనవేలు, చూపుడువేలు మధ్య కాయ మూతి నొక్కితే చిట్లుతుంది. మధ్యాహ్నానికి వేలి కొసలు ఎర్రబడతాయి, కొందరు గుడ్డపేలిక చుట్టుకుంటారు. ఒలిచిన పప్పు కొలిచి కూలి ఇస్తారు కాబట్టి ఎవరూ చేయి ఆపరు, నోరు మాత్రం ఆడుతూనే ఉంటుంది. పైన చెప్పిన ఆస్తి కథను ఇక్కడ కూర్చోబెడితే, ఫాతిమాబీ అడుగుతుంటే ఇలా నడుస్తుంది:

‘ఏం వదినా, మీ చెల్లెలు బాగం తీసుకున్యంట గదా?’

‘తీసుకునింది.’

‘నీకి?’

‘నాకి పెండ్లి అయిపోయింది గద వదినా.’

‘దానికీ అయింది గదమే.’

కుళ్లాయమ్మ చేతిలో కాయ చిట్లింది. లోపల రెండు పప్పుల్లో ఒకటి ముడుచుకుపోయి ఉంది. దాన్ని పక్కకు ఏరేసి ఇంకో కాయ అందుకుంది.

‘అది పుట్టిన గడియ మంచిది,’ అంది.

చట్టం పేరు రాలేదు, తేదీ రాలేదు, ‘ఆమె గుండె బరువెక్కింది’ అన్న వాక్యం రాలేదు. ఫాతిమాబీ అడిగిన ‘దానికీ అయింది గదమే’ అన్న మాటలోనే అన్యాయం అంతా ఉంది. మిగతా పనులూ ఇలాగే వెతకండి. మట్టి మిద్దె మీద వానకు ముందు చవుడు పరవడం, శెనక్కట్టె వామి వేయడం, తాడిపత్రి వైపు బండల పని. ధర్మవరం మగ్గం పెట్టాలనుకుంటే ఒక రోజంతా మగ్గం పక్కన కూర్చుని చూసి రండి, ఊహించి రాయొద్దు.

ఏడో పని: మాట

కథనం మామూలు తెలుగులో ఉంచి సంభాషణ మాత్రం సీమ మాటలో రాయడం చాలామందికి సుళువు. అంతా యాసలోనే చెప్పగలిగితే ఇంకా మంచిది, కానీ అది మీరు పుట్టి పెరిగిన యాసై ఉండాలి. అనంతపురం మాటలో ప్రాణం క్రియల్లో ఉంటుంది. ‘చెప్తిని’, ‘పోతిమి’, ‘వచ్చినాడు’, ‘చేస్తాండాది’, ‘యాటికి పోతాండావు’. వీటిని సరిగా పెడితే ప్రతి మాటనూ వంకర చేసి రాయాల్సిన అవసరం రాదు. కడప మనిషి నోట కర్నూలు పడమటి పల్లె మాట పెట్టొద్దు, వాళ్లు చదివితే ముందు నవ్వుతారు, తర్వాత పుస్తకం మూస్తారు.

మాట తరంతో మారుతుంది. అవ్వ ఒకలా, అనంతపురంలో డిగ్రీ చదివే మనమరాలు ఒకలా, బెంగుళూరులో పదేళ్లున్న కొడుకు కన్నడం కలిపి ఇంకోలా మాట్లాడాలి. మొగుడిని పేరు పెట్టి పిలవని తరం కుళ్లాయమ్మది. ఆమె పరాయివాళ్లతో ‘మా పిల్లోళ్ల నాయన’ అంటుంది. మనమరాలు తన మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిన రోజు ఆమె ముఖం ఎలా ఉందో రాయాలనిపిస్తే, అది ఇంకో కథ.

పేజీ కింద అర్థాలు ఇవ్వొద్దు. సందర్భంలో తెలియని మాట ఏదైనా ఉంటే సందర్భాన్ని బాగుచేయండి. పాత తరం కథకులు ఆడవాళ్ల సంభాషణను ఎలా రాశారో చూడాలంటే, శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం ఉంది. పాత పత్రికల కథలను వాళ్లు ఇంటర్నెట్‌లో కూడా అందుబాటులో పెట్టారు. మీ పాత్ర బతికిన ఏళ్లలో అచ్చయిన సీమ కథలు చదవండి.

ఎనిమిదో పని: అడగడం, దాచడం

నిజమైన ఆడవాళ్లను కదిలించకుండా ఇలాంటి కథలు రాయలేం. అడిగే తీరు ముఖ్యం. ‘అప్పట్లో మీ బతుకు ఎట్లుండేది అవ్వా?’ అంటే ‘ఏముంటాది నాయనా, కష్టాలే’ అని ఊరుకుంటారు. ‘పెండ్లికి ఏ చీర పెట్టినారు? ఎవరు తెచ్చినారు? ఆ చీర ఇప్పుడు యాడుంది?’ అని అడగండి. చీరను తాకట్టు పెట్టిన సంగతో, ఆడబిడ్డ కట్టుకుపోయి తిరిగి ఇవ్వని సంగతో, దాన్ని కోసి మనవడికి ఉయ్యాల కట్టిన సంగతో వస్తుంది. వస్తువు గురించి అడిగితే మనిషి గురించి చెబుతారు. వాళ్లు పనిలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని మీరూ చేయి కలపండి. మాటలను ఫోనులో రికార్డు చేయాలంటే ముందు అడిగి, ఒప్పుకుంటేనే చేయండి.

ఇంటికొచ్చాక ఇద్దరు ముగ్గురి బతుకులు కలిపేయండి. ఊరు, పిల్లల సంఖ్య, వృత్తి మార్చండి. మార్చినా ఆమె తనను తాను గుర్తుపట్టేలా ఉంటే అచ్చుకు ముందు ఆమెకు చదివి వినిపించండి. వద్దంటే ఆ భాగం తీసేయండి. కొట్టిన మొగుడు, భాగం ఎగ్గొట్టిన అన్న ఇంకా అదే వీధిలో ఉంటారు. అచ్చయ్యాక మాట పడాల్సింది ఆమే.

తొమ్మిదో పని: లెక్కల పుస్తకం

విడిగా ఒక నోటు పుస్తకం పెట్టండి. పిల్లలు ఏ ఏడు పుట్టారు, ఇల్లు ఎప్పుడు మిద్దె నుంచి స్లాబు అయింది, ఏ చేతికి కాలిన మచ్చ ఉంది, ఎప్పటి నుంచి కళ్లద్దాలు, ఆవులు ఎన్ని, బోరు ఎప్పుడు ఎండింది. కథలు రెండు మూడేళ్లపాటు రాస్తారు, గుర్తుండవు. ఒకే సంగతిని ఇద్దరు పాత్రలు రెండు రకాలుగా చెబితే తప్పేమీ కాదు, పైగా బాగుంటుంది. అసలేం జరిగిందో మీకు మాత్రం తెలిసుండాలి.

ఒక వస్తువు నాలుగైదు కథల్లో చేతులు మారుతూ పోతే గొలుసు గట్టిపడుతుంది. అన్ని కథల్లోనూ దాన్ని తెస్తే మాత్రం అతికించినట్టు కనపడుతుంది.

చివరి పని: పేర్చడం, పంపడం

కథలు రాసిన వరసలోనో, వయసు వరసలోనో పేర్చాలని లేదు. నేనైతే 2006 కరువు పని కథతో మొదలుపెడతాను. అందులో ఆమె నిండు మనిషి, నోరున్న మనిషి. ఆ తర్వాత 1979కి వెళితే పదిహేడేళ్ల పిల్లను చూస్తున్నప్పుడే ఆమె ఏమవుతుందో పాఠకుడికి తెలిసి ఉంటుంది, అందుకని ప్రతి చిన్న సంగతీ బరువుగా తగులుతుంది. తల్లి తలుపు తీసిన కథ, యారాలి కథ పక్కపక్కన పెట్టొద్దు, మధ్యలో ఫాతిమాబీని రానివ్వండి. కుళ్లాయమ్మ చావుతో పుస్తకం ముగించాలన్న కోరికను ఆపుకోండి. గొలుసు కథల్లో చివరిది చాలాసార్లు మనమరాలిదో, పక్కింటామెదో అయితే బాగుంటుంది.

కథలకు పేర్లుగా పిలుపులు పెట్టి చూడండి. ‘మామా’, ‘అవ్వా’, ‘వదినా’, ‘పిల్లోళ్ల నాయన’. విషయసూచిక చదివితేనే ఆమె బతుకు తెలిసిపోతుంది.

ప్రతి కథకూ ఒక పరీక్ష పెట్టండి. మిగతావి చదవని ఒకరికి ఐదో కథ ఒక్కటే ఇవ్వండి. ‘ఈమె ఎవరు? ఈ అవ్వ అత్త ఎట్లయింది?’ అని వాళ్లు అడిగితే కథ ఇంకా నిలబడలేదు. ముందు జరిగిందంతా చెప్పే పేరా పెట్టి సరిచేయొద్దు. ఒకే ఒక్క వాక్యం చాలు, అదీ కథలో ఎవరో ఒకరు అనే మాటగా. ‘అమ్మమ్మే అత్తయినాక ఇంగ యాడికి పోతావు మే’ అని యారాలు ఎత్తిపొడిస్తే మేనరికం సంగతి మొత్తం తెలిసిపోతుంది.

వారపత్రికలకు, ఆదివారం అనుబంధాలకు పంపేటప్పుడు ఏ కథకా కథగానే పంపండి, ‘గత కథ తరువాయి’ అని రాయొద్దు. నిడివి ఎంత ఉండాలో ఆ పత్రిక ప్రకటన చూసి సరిచూసుకోండి. ఒకే కథను ఒకేసారి రెండు చోట్లకు పంపొద్దు. అన్నీ అచ్చయ్యాక పుస్తకం వేసేటప్పుడు మొత్తం మళ్లీ ఒక్క దమ్మున చదవండి. విడిగా ఉన్నప్పుడు అవసరమైన పరిచయ వాక్యాలు పక్కపక్కన చేరితే చెప్పిందే చెప్పినట్టుంటుంది, అవి తీసేయండి. ఏ కథ ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో చివరి పేజీలో వేయండి.